వాగుకూ సముద్రానికీ ఒకటే చట్టం
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సముద్రాల రక్షణలో శాసనకర్తల పాత్ర గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరినప్పుడు, "బూర్గంపాడులో కూర్చుని సముద్రం గురించి నేనేం చెబుతానండీ?" అన్నాను. మనకు కనిపించేది అడవి, కిన్నెరసాని, గోదావరి. సముద్రం చూడాలంటే మనం బస్సు కట్టించుకుని పోవాలి. కాని ఇంటికి పోయి ఆలోచిస్తే, మన కిన్నెరసాని ఏ టిక్కెట్టూ లేకుండా గోదావరిలో కలిసి, పాపికొండలు దాటి, ధవళేశ్వరం దిగువన పాయలై, ఒక పాయ అంతర్వేది దగ్గర సముద్రంలో కలుస్తోంది. మనం వాగులో వేసినదంతా దానితోపాటే పోతోంది.

2014లో పార్లమెంటు ఒక్క సవరణ చట్టంతో మన మండలంలోని కొన్ని గ్రామాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపింది. చట్టసభ గీసే గీతకు ఎంత బలముందో మనం కళ్లారా చూశాం. అయితే నీళ్లు ఆ గీత దగ్గర ఆగలేదు.

1974లో పార్లమెంటు నీటి కాలుష్య నివారణ చట్టం చేసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1976లో కాలుష్య నియంత్రణ మండలి ఏర్పడింది. ఆ చట్టం 2వ సెక్షనులో ప్రవాహమంటే ఏమిటో చెప్పారు. అందులో నది ఉంది, వాగు ఉంది, భూగర్భ జలం ఉంది. ప్రభుత్వం నోటిఫై చేసిన మేరకు సముద్రపు నీరు కూడా ఉంది. అంటే మన కిన్నెరసానికీ బంగాళాఖాతానికీ చట్టంలో ఒకటే మాట!

నీరు రాష్ట్రాల జాబితాలోని విషయం. అందుచేత ఈ చట్టానికి శాసనసభల తీర్మానాలు కావలసి వచ్చాయి. 2024లో దీనిని సవరించి, చాలా తప్పులకు జైలుశిక్ష తీసివేసి, 10 వేల నుంచి 15 లక్షల రూపాయల వరకు జరిమానా పెట్టారు. ఆ సవరణ మొదట హిమాచల్ ప్రదేశ్, రాజస్థాన్, కేంద్రపాలిత ప్రాంతాలకే వర్తించింది. తక్కిన రాష్ట్రాలకు వారి శాసనసభ తీర్మానం చేస్తేనే వర్తిస్తుంది. కనుక సముద్రం లేని రాష్ట్రపు శాసనసభ్యుని చేతిలో కూడా సముద్రం మేలు కొంత ఉన్నది.

ఇక కోస్తా సంగతి. 1991 ఫిబ్రవరి 19న కేంద్రం తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషను ఇచ్చింది. పోటు గీత నుంచి 500 మీటర్ల లోపు ఏమేమి కూడదో చెప్పింది. అయినా నెల్లూరు మొదలైన చోట్ల రొయ్యల చెరువులు తవ్వారు. తమిళనాడుకు చెందిన గాంధేయవాది ఎస్. జగన్నాథన్‌గారు సుప్రీంకోర్టుకు వెళ్లారు. సంప్రదాయ పద్ధతులు తప్ప, ఆ పరిధిలో రొయ్యల చెరువులు ఉండరాదని 1996 డిసెంబరు 11న తీర్పు వచ్చింది. 2005లో పార్లమెంటు తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసింది. రిజిస్ట్రేషను తప్పనిసరి అన్నది, పోటు గీతకు 200 మీటర్ల లోపు కూడదన్నది. బాగానే ఉంది. కాని అదే చట్టంలో, 1991 నోటిఫికేషనులోని నిషేధం ఈ సాగుకు వర్తించదని, అదీ 1991 నాటి నుంచేనని ఒక సెక్షను పెట్టింది. రెట్రాస్పెక్టివ్ ఎఫెక్ట్! మన అరియర్సుకు ఆ మాట రాయించుకోవడానికి మనం ఎన్నేళ్లు తిరిగామో మీకు తెలుసు. రొయ్య మీద బతికే కుటుంబాలు వేలు ఉన్నాయి, నేను కాదనను. సముద్రాన్ని కాపాడే కలమూ, ఆ కాపుదలను సడలించే కలమూ ఒకే సభలో ఉన్నాయని మాత్రం మనవి చేస్తున్నాను.

ప్రపంచంలోనూ ఇంతే. 1982 నాటి సముద్ర చట్ట ఒప్పందాన్ని మన దేశం 1995లో ఆమోదించింది. ఏ దేశానికీ చెందని నడిసముద్రం రక్షణకు 2023లో మరో ఒప్పందం కుదిరితే, 2024లో భారతదేశం సంతకం చేసింది. సంతకం ప్రభుత్వం చేస్తుంది. దానికి తగిన చట్టం ఇంట్లో సభే చేయాలి.

ఇప్పుడు నా సొంత సంగతి ఒకటి. ఏ ఆఫీసో, ఏ ఊరో చెప్పను. మన బూర్గంపాడు మాత్రం కాదు. 1980 దశకంలో ఒకనాడు ఎల్.ఏ.క్యూ. వచ్చింది. శాసనసభ ప్రశ్న అంటే తెలుసుగదా, సాయంత్రానికల్లా జవాబు పోవాలి. ఫలానా వాగులో చేపలు చచ్చి తేలిన మాట నిజమేనా అని ప్రశ్న. పది రోజుల ముందు ఆ ఊరివారు ఇచ్చిన అర్జీ, ఇన్‌వర్డు నంబరు పడి, నా టేబులు మీదనే ఉన్నది. దాని కింద అన్నీ వేలిముద్రలు. పైవారు "నిల్ పెట్టవయ్యా" అన్నారు. పెట్టాను. "లేదండి. రెండవ ప్రశ్న ఉత్పన్నం కాదు" అని నేనే టైపు చేశాను. అర్జీని కట్టలో కట్టేశాను. ప్రశ్న అడిగిన సభ్యునికి అంతటితో నోరు కట్టినట్లయింది. ఆయన తన పని తాను చేశాడు, చేయనివాణ్ణి నేను. ఇన్నేళ్లూ ఈ మాట ఇంట్లో కూడా చెప్పలేదు.

అందుకే నాకు తోచినది ఇది. శాసనకర్తల పని చట్టం పాసు చేయడంతో తీరదు. ఏటేటా ప్రశ్న వేయాలి, జవాబు నమ్మకం కాకుంటే అనుబంధ ప్రశ్న వేయాలి. ఒకప్పుడు మన బూర్గంపాడు పేరుతోనే నియోజకవర్గం ఉండేది. 2009 నుంచి పినపాకలో ఉన్నాం. పేరు పోయినా అడిగే హక్కు పోలేదు. అర్జీ రాయడం మనకంటే బాగా ఎవరికి వచ్చు? వాగు నీటి పరీక్షల వివరాలు 2005 సమాచార హక్కు చట్టం కింద మనమే తెప్పించి సభ్యులకు అందిద్దాం. ఆఫీసుల్లో ఉన్న మన పిల్లలకు ఒక్కమాట చెబుదాం: నిల్ అని రాసేముందు టేబులు మీది అర్జీ చూడండి నాయనా అని.

1982 డిసెంబరు 17న నకారా కేసు తీర్పు వచ్చింది కనుకనే ఈ రోజు మనకు పండుగ. తీర్పు వచ్చినంత మాత్రాన డబ్బు చేతికి రాదని, జి.ఓ. రావాలని, ట్రెజరీలో బిల్లు పాసు కావాలని మనకు ఒకరు చెప్పనక్కరలేదు. సంఘం ఉన్న మనకే ఇంత తిరుగుడు. సముద్రానికి సంఘం లేదు, అర్జీ పెట్టుకోలేదు. దాని తరఫున మనమే పెడదాం.

 జై హింద్.