సహాధ్యాయుల జాబులు
కళాశాల విడిచిన పిమ్మట మిత్రులు తలకొక దిక్కునకు పోవుదురు. 1879లో పోస్టుకార్డు, 1950లో ఇన్లాండు లెటరు వచ్చి వారిని స్వల్పవ్యయముతో కలిపినవి. కొందరు సహాధ్యాయులు ఒకే కవరును వంతులవారీగా త్రిప్పుకొనెడివారు: అందినవాడు తన పాత జాబు తీసివేసి, క్రొత్తది చేర్చి, తరువాతివానికి పంపును. కవరు రాక ఆలస్యమైనచో, ఎవరియింటనో ఆగినదని తెలియును.

పెండ్లి, పదోన్నతి వార్తలు అడుగకయే వచ్చును. వ్యాధి, ఉద్యోగనష్టము, పుత్రశోకము మాత్రము మౌనముగా మారును. కావున జాబు వ్రాయని మిత్రునిపై అలుగరాదు. ముందుగా అతనికే వ్రాయవలెను.

2013లో తంతి నిలిచిపోయినది. నేడు ఫోను క్షణములో వార్త నందించుచున్నది. అయినను చిరకాలముగా పలుకనివాడు ప్రతి బృందమునను ఒకడుండును. ఈ ఆదివారము అతనిని పేరుపెట్టి పలుకరింపుడు.