అర్థం తెలిసిన చదువు
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేరిన కొత్తలో మా హెడ్ క్లర్కు గారు ఒక మాట చెప్పేవారు: "నోటు చదవకుండా ఇనీషియల్ వేయకు." ఆ మాట ఈ వయసులో, మనవడి మతవిద్య విషయంలో మళ్ళీ గుర్తుకొచ్చింది.

మాది అమలాపురం. మా పక్కింటి రిటైర్డు మాస్టారు, నేను ఏటా కనుమనాడు జగ్గన్నతోటలో 11 మంది రుద్రులు కొలువుతీరే ప్రభల తీర్థానికి కలిసి వెళ్తాం. ఒక భోగినాడు ఆయన పిలవడానికి వస్తే, మా పదకొండేళ్ళ మనవడు ఆయన దేవుణ్ణి చులకన చేసి ఒక మాట అన్నాడు. ఎక్కడో ఫోనులో విన్నదట. మాస్టారు ఏమీ అనకుండా గుమ్మం దిగి వెళ్ళిపోయారు. నాకు తల కొట్టేసినట్లయింది.

మసీదు చదువు మాన్పించేద్దామన్న కోపంతో వాణ్ణి హజ్రత్ గారి దగ్గరకు తీసుకెళ్ళాను. ఆయన కేకలు వేయలేదు. ఖురాన్ 6వ అధ్యాయం 108వ వాక్యం చదవమన్నారు. వాడు తడుముకోకుండా చదివాడు. "అర్థం?" అన్నారు. తెలియదన్నాడు. ఇతరులు కొలిచే దైవాలను దూషించవద్దన్నది దాని సారం. ఆయన తెలుగులో విడమరచి చెప్పేసరికి వాడు తల దించుకున్నాడు.

నేనూ దించుకున్నాను. ఎన్ని పేజీలు చదివావని అడిగానే గాని, ఏమి అర్థమైందని ఏనాడూ అడగలేదు. నోటు చదవకుండా ఇనీషియల్ వేసినది నేనే!

మితం బయటినుంచి తెచ్చి అతికించేది కాదు. అదే గ్రంథం 2వ అధ్యాయం 143వ వాక్యం విశ్వాసులను మధ్యేమార్గపు సమాజంగా పేర్కొంటుంది. 256వ వాక్యం మతం విషయంలో నిర్బంధం కూడదంటుంది. 2019లో ఇండోనేషియా మత వ్యవహారాల శాఖ మతంలో మితం గురించి ఒక పుస్తకమే వెలువరించింది. మనం అంత దూరం పోనక్కరలేదు. ఖురాన్‌ను తెలుగు చేసిన చిలుకూరి నారాయణరావు గారు హిందూ పండితులు. మన పక్కనున్న పిఠాపురం పీఠాధిపతి ఉమర్ ఆలీషా గారు (1885–1945) తెలుగులో కావ్యాలు, నాటకాలు రాసిన కవి.

తోటి తాతలకు నా మనవి ఒక్కటే. పిల్లలు ఏ మతం చదువు చదివినా, వారానికొకసారి పక్కన కూర్చోబెట్టుకుని అర్థం చెప్పించుకోండి.

మర్నాడు మావాడే వెళ్ళి మాస్టారిని క్షమించమన్నాడు. "ప్రభలు చూడ్డానికి వస్తావురా?" అన్నారాయన. కనుమకు ముగ్గురం కలిసి వెళ్ళాం.

సెలవు.