మందుల కొట్టు దగ్గర మాట వినపడనివారు



సాయంత్రం ఏడింటికి మందుల కొట్టు ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. పది చేతులు చీటీలు చాస్తుంటాయి, వెనక స్కూటర్ల మోత. కొట్టబ్బాయి తల ఎత్తకుండానే "రెండు పూటలా, తిన్నాక" అని అప్పజెప్పేస్తాడు. చెవులు బాగున్న మనకే సగం అందదు. మరి వినికిడి లేనివాళ్ల మాటేమిటి?

వాళ్లు తలూపుతారండీ. మళ్లీ అడిగితే వెనకవాళ్లు విసుక్కుంటారని తలూపేస్తారు. అది చూసి అర్థమైందనుకుంటే ఎంత ప్రమాదమో! కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ మాత్రనే తీసుకోండి. దాన్ని వారానికి ఒక్కసారే వేసుకోవాలి. "వారానికి" అన్న ఒక్క మాట చెవిన పడక రోజూ మింగితే రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది.

గట్టిగా అరిస్తే సరిపోతుందా? అరుపుతో మాట స్పష్టం కాదు సరికదా, ఆవిడ జబ్బేమిటో బజారంతటికీ తెలుస్తుంది. పెదవులు చూసి గ్రహిస్తారులే అనుకోవడానికీ లేదు. ప, బ, మ – మూడింటికీ పెదవులు ఒకేలా కలుస్తాయి. అద్దం ముందు నిలబడి, గొంతు బయటికి రాకుండా "పూట" అనండి, "మూట" అనండి. నాకైతే తేడా తెలియలేదు.

కాగితం మీద రాసివ్వడమే మేలు. 1-0-1 అంటే పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. చదువు రానివారికి సూర్యుడి బొమ్మ, చంద్రుడి బొమ్మ గీస్తే చాలు. పుట్టుకతో వినికిడి లేనివారిలో చాలామందికి చేతిసైగలే అసలు భాష, తెలుగు రాత ఆ తర్వాతే. 2018లో 3000 మాటలతో వచ్చిన భారతీయ సంజ్ఞాభాషా నిఘంటువు 2021 నాటికి 10,000కు పెరిగింది. వైద్యం మాటలూ అందులో ఉన్నాయి. కొట్టువాళ్లు పది సైగలు నేర్చుకున్నా ఎంతో పని జరుగుతుంది. మందు ఎలా వాడాలో వివరించడం ఫార్మసిస్టు విధి అని 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీసు నిబంధనలే చెబుతున్నాయి. కనక అడగడానికి మనకు మొహమాటం ఎందుకూ?

ఇక మన సంగతి. అత్తగారినో, ఆడపడుచునో వెంటబెట్టుకు వెళితే కొట్టబ్బాయి మనతోనే మాట్లాడతాడు. ఆవిడ పక్కన సంచీలా నిలబడి ఉంటుంది. "ఆవిడకే చెప్పు బాబూ, మొహం చూస్తూ చెప్పు" అనండి. మందు మింగేది ఆవిడ కదా! అక్కడే, కదలకముందే, ఏది ఎప్పుడు వేసుకుంటారో ఆవిడ చేతనే చూపించమనండి. విడి మాత్రలు కొన్నప్పుడు పేరూ, గడువు తేదీ ఉన్న ముక్కే ఇమ్మని పట్టుబట్టండి. రేపు మీరు వెంట లేకుండా ఆవిడ ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా, ఏం వాడుతున్నదీ ఆ ముక్కే చెబుతుంది.