చట్టాన్ని గడప దాకా తేవాలన్న దుర్గాబాయి



దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు వినగానే మనకు ఆంధ్ర మహిళా సభ గుర్తుకు వస్తుంది. ఈ పూట మనం తలచుకోబోయేది న్యాయవాది దుర్గాబాయిని.

ఆమె 1909లో రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదో ఏటనే పెళ్ళి చేశారు. ఊహ తెలిశాక ఆ పెళ్ళిని ఆమె ఒప్పుకోలేదు. పుట్టింటివారు ఆమెకు అండగా నిలిచారు.

ఉప్పు సత్యాగ్రహం ఆమెను జైలుకు పంపింది. అక్కడ తోటి ఖైదీలుగా నిరుపేద స్త్రీలను చూశారు. వారికి చదువు లేదు. కోర్టులో తమ మాట ఎలా చెప్పుకోవాలో తెలియదు, వారి తరఫున చెప్పేవారూ లేరు. లా చదవాలన్న పట్టుదల ఆమెకు అక్కడే కలిగింది. అప్పటికి ఆమె మెట్రిక్యులేషన్ కూడా ప్యాసు కాలేదు! బెనారస్‌లో మెట్రిక్, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బి.ఏ., 1942లో మద్రాసులో లా పట్టా, ఆ తర్వాత అక్కడే ప్రాక్టీసు.

మద్రాసు రాష్ట్రం నుంచి రాజ్యాంగ సభకు ఎన్నికయ్యారు. రాజ్యసభ సభ్యత్వానికి 35 ఏళ్ళుండాలంటే, 30 చాలని సవరణ తెచ్చి నెగ్గించారు. హిందూ కోడ్ బిల్లు చర్చల్లో ఆడపిల్లకు ఆస్తి హక్కు ఉండాలని వాదించారు. 1953లో చైనా వెళ్ళివచ్చాక, కుటుంబ తగాదాలకు వేరే కోర్టులుండాలన్నారు. ఆ చట్టం 1984లో వచ్చింది. ఆమె 1981లోనే కన్నుమూశారు.

ఆస్తి హక్కు మాటకు వద్దాం. 1956 చట్టం కూతురికి తండ్రి స్వార్జితంలో వాటా ఇచ్చింది. పిత్రార్జితంలో మాత్రం కొడుకులాగా పుట్టుకతో హక్కు ఇవ్వలేదు. ఆ హక్కు ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచి, తమిళనాడులో 1989 నుంచి, కర్ణాటక, మహారాష్ట్రల్లో 1994 నుంచి వచ్చింది. అదీ అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకే. ఒరిస్సాలో అదీ లేదు. సరిహద్దుకు అటొక చట్టం, ఇటొక చట్టం! 2005లో దేశమంతటా, పెళ్ళయినవారితో సహా, కూతుళ్ళందరికీ కొడుకులతో సమానంగా హక్కు వచ్చింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాలను మాత్రం ఇది కదపదు.

అయినా, "పసుపు కుంకుమలకింద ఇచ్చేశాంగా, ఇక్కడో సంతకం పెట్టమ్మా" అనే మాట మన ఇళ్ళలో ఇంకా వినబడుతూనే ఉంది. అక్కలారా, చెల్లెళ్ళారా! ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి, అది మీ ఇష్టం. కానీ కాగితం చదివించుకుని, ఏం వదులుకుంటున్నారో తెలుసుకున్నాకే వేలిముద్ర వేయండి. తాలూకా కోర్టులో న్యాయసేవల కమిటీ ఉంటుంది. ఆదాయం ఎంతున్నా, స్త్రీలకు అక్కడ న్యాయ సహాయం ఉచితం.

ఆనాడు జైల్లో ఆ స్త్రీలకు లేనిది, అడిగితే చెప్పే మనిషి. ఈనాడు అడగవలసిన చోటు ఉంది. అడగండి.