దారిపొత్తు

1923 అక్టోబరులో బొంబాయినుండి ఆరుగురు పార్సీ యువకులు సైకిళ్ళపై భూప్రదక్షిణమునకు బయలుదేరగా, ఒకరు టెహరానునుండి మరలి, వేరొకరు అమెరికాలో నిలిచిపోయి, ఆ యెడబాటుకు మనసు విరిగిన ఇంకొకరు ఇల్లు చేరి, 1928 మార్చికి యాత్ర ముగించినవారు మువ్వురే యైరి. ఎదురుగాలిలో, ముందరివాని వెనుకచక్రమునకు మూరెడు దూరమున సాగువానికి శ్రమ తగ్గును గనుక, వంతులవారీగా గాలికి రొమ్మొడ్డుటయే దారిపొత్తున తొలి ధర్మము. పంక్చరైనపుడు ట్యూబును నీళ్ళలో ముంచి బుడగలు వెదకువాడొకడు, పంపు కొట్టువాడొకడు. (నామట్టుకు, తోడివాని ఎడతెగని ఈలపాటకంటె పంక్చరే సుకరము!) వేగము కుదరని యిరువురు పగలెల్ల విడివిడిగా త్రొక్కి, సాయంకాలము సత్రమున కలిసికొందురు, ముందు చేరినవాడు రెండు టీలు పురమాయించి యుంచును.