వీడియో ఫిర్యాదే గానీ తీర్పు కాదు

(అబూ హమూర్‌లో జరిగిన సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వైరల్ వీడియోల గురించి, మీడియా గురించి మాట్లాడమని నన్ను అడిగారు. ఈ విషయం మీద మైకు ఇస్తే ఎవరైనా మీడియాని నాలుగు తిట్టి కూర్చోవచ్చు. చప్పట్లు కూడా బాగానే పడతాయి. టీవీ వాళ్ల సంగతికి తర్వాత వస్తాను. ముందు మన సంగతి మాట్లాడుకుందాం. మనమంటే చదువుకుని, మంచి ఉద్యోగాలు చేసుకుంటూ, ఊళ్లో జరిగేదంతా ఫోన్లో చూసి అభిప్రాయాలు చెప్పే వాళ్లం.

హైదరాబాద్‌కూ ఖతార్‌కూ రెండింటికీ సంబంధం ఉన్న ఒక సంఘటనతో మొదలుపెడతాను. కొందరికి గుర్తుండే ఉంటుంది. 2018 జులై 13, శుక్రవారం. హైదరాబాద్ నుంచి కొందరు స్నేహితులు కారులో కర్ణాటకలోని బీదర్ జిల్లాకు వెళ్లారు. వారిలో ఒకరు సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. మరొకరు ఖతార్ పౌరుడు, ఇక్కడి నుంచి వెళ్లిన అతిథి. దారిలో ఒకచోట ఆగారు. స్కూలు పిల్లలు కనబడితే ఖతార్ చాక్లెట్లు పంచారు. మనం ఊరెళ్లేటప్పుడు సూట్‌కేసులో సర్దుకునేవీ అవే కదా!

అప్పటికి రెండు నెలలుగా ఆ చుట్టుపక్కలంతా పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న మెసేజులు వాట్సాప్‌లో చక్కర్లు కొడుతున్నాయి. కొత్త మనుషులు, కారు, చేతిలో చాక్లెట్లు. ఊరివాళ్లకు అనుమానం వచ్చింది. నిలదీశారు. మాటా మాటా పెరిగింది. వీళ్లు భయపడి కారెక్కి బయల్దేరారు. కారు కన్నా ముందు వాట్సాప్ వెళ్లింది. ముర్కి అనే ఊరి దగ్గర రోడ్డుకు అడ్డం పెట్టారు. కారు పక్కకు ఒరిగి గుంటలో పడింది. జనం చుట్టుముట్టారు. పోలీసులు వచ్చినా ఆ జనాన్ని ఆపలేకపోయారు, వాళ్లకూ దెబ్బలు తగిలాయి. ఆ ఇంజనీరు చనిపోయాడు. ఖతార్ అతిథితో సహా మిగతావాళ్లు గాయపడ్డారు. తర్వాత దాదాపు 30 మందిని అరెస్టు చేశారు. వారిలో ఒక వాట్సాప్ గ్రూపు అడ్మిన్ కూడా ఉన్నాడు.

ఇందులో మనల్ని భయపెట్టాల్సిన విషయం ఒకటుంది. కొట్టినవాళ్లు దొంగలు కారు, కిరాయి గూండాలు కారు. తమ పిల్లల్ని కాపాడుకుంటున్నామనే నమ్మారు. వాళ్ల మనసులో ఉన్నది మంచి పనే. అన్యాయం మీద కోపం వచ్చినంత మాత్రాన మన చేతులు శుభ్రంగా ఉన్నట్టు కాదని ఆ రోజు రుజువైంది.

ఆ పుకార్లకు బలం ఇచ్చిన వీడియో ఒకటి ఉంది. మోటారు సైకిల్ మీద ఇద్దరు వస్తారు. వీధిలో ఆడుకుంటున్న పిల్లల మధ్య నుంచి ఒక బాబుని ఎత్తుకుని వెళ్లిపోతారు. చూసినవాడికి ఒళ్లు జలదరిస్తుంది. అది మన దేశంలో తీసింది కాదు. పాకిస్తాన్‌లోని కరాచీలో, పిల్లల్ని జాగ్రత్తగా చూసుకోండని చెప్పడానికి ఒక స్వచ్ఛంద సంస్థ కోసం తీసిన ప్రచార చిత్రం. అసలు వీడియోలో ఆ ఇద్దరూ వెనక్కి వచ్చి బాబుని దింపేసి, పిల్లలు మాయం కావడం ఎంత తేలికో చెప్పే అట్ట చూపిస్తారు. ఎవరో ఆ చివరి ముక్క కత్తిరించారు. అంతే. కొత్తగా ఏదీ కలపలేదు. పిల్లల్ని కాపాడటానికి తీసిన చిత్రమే మనుషుల్ని చంపించే ఆయుధమైంది.

2018 మే నెలలోనే తెలంగాణలో ఇలాంటి పుకార్లకు ప్రాణాలు పోయాయి. నిజామాబాద్ జిల్లాలో ఒకరు, యాదాద్రి జిల్లాలో ఒకరు. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను కొట్టి చంపారు. బీదర్ హత్య జరిగిన నాలుగు రోజులకు, జులై 17న, మూక హత్యలపై సుప్రీంకోర్టు రాష్ట్రాలకు మార్గదర్శకాలు ఇచ్చింది. అదే వారంలో వాట్సాప్ కంపెనీ భారతదేశంలో ఒక మెసేజిని ఒకేసారి ఐదు చాట్లకు మించి పంపకుండా పరిమితి పెడుతున్నట్టు ప్రకటించింది. కోర్టు తన పని చేసింది, కంపెనీ తన పని చేసింది. ఆ ఐదు చాట్లలో మనం ఏం పెడతామన్నది మాత్రం మన చేతిలోనే ఉండిపోయింది.

“మరి జనం చదువుకోనివాళ్లు, వాళ్లకెలా తెలుస్తుంది?” అంటారు కొందరు. నేను ఒప్పుకోను. అదే 2018లో జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా రెమా రాజేశ్వరి గారు ఉన్నారు. ఆమె పరిధిలో సుమారు 400 గ్రామాలు. ఊరికొక కానిస్టేబుల్‌ని అప్పగించి, ఆ ఊరి జనంతో పరిచయం పెంచుకోమన్నారు. జనం భయపడుతున్నారన్న కబురు అలాగే ఆమెకు తెలిసింది. పోలీసులు గడప గడపకూ వెళ్లి చెప్పారు. డప్పు కొట్టి, పాటలు పాడి చెప్పారు. ఆ ఊళ్లకూ అవే వీడియోలు వచ్చాయి. అక్కడ ఒక్క ప్రాణం కూడా పోలేదు. ఊళ్లో అడగడానికి ఒక మనిషి ఉన్నాడు. “ఇది నిజమేనా?” అని అడిగితే జవాబు దొరికింది. చదువు కన్నా ఆ అడిగే అలవాటే జనాన్ని కాపాడింది.

మిత్రులారా, ఇక నేను చెప్పదలచుకున్న అసలు మాట. వీడియో అనేది ఒక ఫిర్యాదు. పోలీస్ స్టేషన్‌కి వెళ్లి రాసిచ్చే కాగితం లాంటిది. ఫిర్యాదుని చెత్తబుట్టలో పడెయ్యకూడదు. ఫిర్యాదు రాగానే శిక్ష కూడా వెయ్యకూడదు. మధ్యలో విచారణ అనేది ఒకటుంది. వైరల్ వీడియోతో వచ్చిన చిక్కల్లా ఆ మధ్యదాన్ని మనం ఎగరగొట్టెయ్యడమే.

వీడియోలను నమ్మొద్దని నేను చెప్పడం లేదు. గల్ఫ్‌లో ఉంటూ ఆ మాట అనడం పాపం. ఎడారిలో చిక్కుకున్న మన కూలీలకు ఫోను తప్ప దిక్కేముంది? 2024 జులైలో కోనసీమ యువకుడొకరి వీడియో మీరంతా చూసే ఉంటారు. ఏజెంటు ఖతార్‌లో పని అని చెప్పి పంపాడు. ఇక్కడి నుంచి సౌదీ ఎడారికి చేర్చి ఒంటెల దగ్గర పెట్టారు. అతను కన్నీళ్లతో మాట్లాడిన వీడియో బయటికి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ మంత్రి నారా లోకేశ్ స్పందించారు, అతను ఇంటికి చేరాడు. ఆ వీడియో లేకపోతే అతని గోడు ఎవరికీ తెలిసేది కాదు. కానీ గమనించండి, అక్కడ జరిగిందేమిటి? వీడియోని ఫిర్యాదుగా తీసుకున్నారు. మనిషి ఎవరు, ఎక్కడున్నాడు అని ఆరా తీశారు, కదలవలసినవాళ్లు కదిలారు. పంచుకున్న ప్రతివాడూ తీర్పు చెప్పి ఊరుకుని ఉంటే అతను ఇంకా ఒంటెల దగ్గరే ఉండేవాడు.

ఇక టీవీ సంగతి. 2019 నవంబర్ 27 రాత్రి శంషాబాద్ దగ్గర ఒక పశువైద్యురాలి మీద జరిగిన ఘోరం మనలో ఎవరం మర్చిపోలేం. “దిశ” అని పేరు పెట్టుకుని దేశమంతా ఏడ్చింది. నలుగురిని అరెస్టు చేశారు. ఆ తర్వాత వారం రోజులు ఛానెళ్లలో చర్చ ఒక్కటే: ఎప్పుడు చంపుతారు? డిసెంబర్ 6 తెల్లవారుజామున షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో నలుగురూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. విదేశాల్లో ఉన్న మనవాళ్లలో కూడా చాలామంది “శభాష్” అన్నారు.

సుప్రీంకోర్టు జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్‌ని వేసింది. ఆ నివేదిక 2022 మే నెలలో బయటికి వచ్చింది. పోలీసులు కావాలనే, చంపే ఉద్దేశంతోనే కాల్చారని కమిషన్ చెప్పింది. 10 మంది పోలీసుల మీద హత్యానేరం కింద విచారణ జరపాలంది. చనిపోయిన నలుగురిలో ముగ్గురు అప్పటికి మైనర్లని కూడా తేల్చింది. ఆ నివేదిక మీద వాదం తెలంగాణ హైకోర్టుకు వెళ్లింది.

ఇక్కడ ఎవరైనా లేచి నన్ను అడగొచ్చు. “ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగితే ఆ తల్లిదండ్రులకు న్యాయం ఎప్పుడు?” న్యాయమైన ప్రశ్న. మన కోర్టులు ఆలస్యం చేస్తాయన్నది అబద్ధం కాదు. కానీ ఆ తొందర వల్ల ఏం పోయిందో చూడండి. ఆ అమ్మాయి కేసులో సాక్ష్యాలన్నీ బహిరంగంగా కోర్టు ముందు పరీక్షకు నిలిచి, వీళ్లే దోషులని న్యాయమూర్తి రాసిన తీర్పు ఈ రోజు లేదు. ఇక ఎప్పటికీ రాదు. నిందితులు నిజంగా దోషులే అనుకున్నా, ఆ తీర్పు ఆమెకు దక్కాల్సిన హక్కు. మనం పూలు చల్లి దాన్ని పోగొట్టాం. కోర్టు ఆలస్యానికి మందు కోర్టులు పెంచడం, జడ్జీలను వెయ్యడం, ఫోరెన్సిక్ లాబులు పెట్టడం. మనలాంటి రాజకీయ వేదికలు దాని మీద ఒత్తిడి తేవాలి. దానికి లైకులు రావు, నిజమే.

రాజకీయ వీడియోల గురించి ఒక్క మాట. 2023 ఏప్రిల్‌లో చేవెళ్ల సభలో అమిత్ షా ముస్లిం రిజర్వేషన్లు తీసేస్తామని అన్నారు. ఏడాది తర్వాత, 2024 ఎన్నికలప్పుడు, ఆయన ఎస్సీ, ఎస్టీ, బీసీ రిజర్వేషన్లే తీసేస్తామన్నట్టుగా మార్చిన వీడియో తిరిగింది. ఢిల్లీ పోలీసులు కేసు పెట్టారు. ఆయన అసలు అన్న మాటను ఒప్పుకోవాలా, ఎదిరించాలా అన్నది మీ ఇష్టం. ఎదిరించేవాడికే అసలు వీడియో ఎక్కువ అవసరం. అబద్ధంతో ఎదిరిస్తే అవతలివాడు ఆ అబద్ధాన్ని పట్టుకుని మీ నిజాన్ని కూడా కొట్టిపారేస్తాడు. మన పార్టీ వాడికి ఒక కొలత, ఎదుటి పార్టీ వాడికి ఇంకో కొలత పెట్టకండి.

“మనం ఎక్కడో ఉన్నాం, మన ఫార్వర్డ్‌తో ఏమవుతుంది?” అనుకోకండి. ఊళ్లో మన మాటకు విలువ ఎక్కువ. “ఖతార్లో ఇంజనీరుగా ఉన్న మావాడు పంపాడు” అంటే అది పేపర్లో వచ్చినదాని కన్నా గట్టి నిజం. మనకు రాత్రి 10 గంటలైతే అక్కడ పన్నెండున్నర. మనం నొక్కేసి పడుకుంటాం. వాళ్లు పొద్దున్నే లేచి మొదట చూసేది అదే. ఆ పూట ఊళ్లో ఏం జరిగినా మనకు దెబ్బ తగలదు. తప్పు తీర్పుకి మూల్యం చెల్లించనక్కర్లేని వాడే అందరికన్నా ఆచితూచి మాట్లాడాలి.

అలాగని ఇక్కడ మనకేమీ కాదనుకోవద్దు. ఖతార్‌లో 2014 నాటి సైబర్ నేరాల చట్టం ఉంది. దానికి 2025లో సవరణ వచ్చింది. బహిరంగ ప్రదేశంలో ఉన్న మనిషి ఫోటో గానీ వీడియో గానీ అతనికి తెలియకుండా, అనుమతి లేకుండా ప్రచారంలో పెడితే ఏడాది వరకు జైలు, లక్ష రియాళ్ల వరకు జరిమానా, లేదా రెండింట్లో ఒకటి. మాల్‌లో ఇద్దరు గొడవపడుతుంటే, సల్వా రోడ్డులో యాక్సిడెంట్ అయితే ఫోన్లు పైకి లేస్తాయి. చట్టం సంగతి అటుంచండి. ఆ వీడియోలో ఉన్నది మన ఇంటి మనిషి అయితే ఏం కోరుకుంటామో అదే చేద్దాం.

చివరిగా, మన గ్రూపు కోసం ఒక ప్రతిపాదన. ఎవరు వీడియో పెట్టినా నాలుగు సంగతులు రాయాలి. ఎక్కడ తీసింది, ఎప్పుడు తీసింది, ముందూ వెనకా ఏముంది, ఇందులో తిట్లు తింటున్న మనిషి ఏమంటున్నాడు. నాలుగూ తెలియకపోతే ఒక రోజు ఆగాలి. నిజమైన వార్త ఒక రోజులో పాచిపోదు. ఎవరికైనా సాయం కావలసిన వీడియో అయితే గ్రూపులో కాదు, ముందు రాయబార కార్యాలయానికి, ఆ జిల్లా అధికారులకు పంపాలి. తప్పని తేలితే పెట్టినవాళ్లే, పెట్టిన చోటే, “అది తప్పు” అని రాయాలి. అలా రాసినవాళ్లని ఎవరూ ఎగతాళి చెయ్యకూడదు.

ఈ ప్రతిపాదన మీద ఇప్పుడే చర్చ పెట్టమని అధ్యక్షుల వారిని కోరుతున్నాను. ఇబ్బందులుంటే చెప్పండి, మార్చుకుందాం. గద్వాల పల్లెల్లో కానిస్టేబుల్ చేసిన పని మన ఇళ్లకు, మన ఊళ్లకు మనం చెయ్యగలం. మన వాళ్లు మనల్నే అడుగుతారు, “ఇది నిజమేనా?” అని. తెలుసుకుని చెప్దాం. తెలియకపోతే తెలియదని చెప్దాం.