అల్లికల చుట్టూ ప్రేమకథలు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

స్వర్ణోత్సవాల గుర్తుగా పూర్వ విద్యార్థులందరం కలిసి ఒక పుస్తకం వేద్దామని కమిటీ అనుకుంది. ఆ పని నాకు అప్పగించింది. బడి జ్ఞాపకాలు ఎలాగూ ఈ సంచికలో వస్తాయి కాబట్టి ప్రేమకథలు వేద్దామన్నాను. పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ప్రతి కథలోనూ అల్లిక ఉండాలి, ఒక్కో కథ ఒక్కొక్కరు రాయాలి అనేసరికి నవ్వేశారు. "అమ్మా, ఇదేం ముచ్చట?" అన్నారు మా తెలుగు మాస్టారు. ఆయనకు జవాబు చెప్పడానికే ఇవాళ నిలబడ్డాను.

మాస్టారూ, మనది నరసాపురం ప్రాంతం. 1844లో మెక్రే దంపతులనే స్కాట్లండు మిషనరీలు ఇక్కడి ఆడవాళ్లకు లేసు నేర్పారని చెబుతారు. అప్పటినుంచి ఆ సూది మన అరుగులు దిగలేదు. 1982లో మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మన లేసు స్త్రీల మీద ఒక పుస్తకమే వేసింది. వీళ్లు అల్లిన సరుకు దేశదేశాలకు పోతుంటే లెక్కల్లో మాత్రం వీళ్లు 'ఇంట్లో ఊరికే కూర్చున్న గృహిణులు'గానే ఉన్నారని ఆమె చెప్పింది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. సరుకుకు పేరొచ్చింది, సంతోషం. అల్లిన మనిషి మనసులో ఏముందో మాత్రం మనమెవరమూ రాయలేదు.

అల్లికకూ ప్రేమకూ పొత్తేమిటని అడిగారు కొందరు. అమెరికాలో ఇలాంటి నవలలకు పెద్ద పాఠకలోకమే ఉంది. డెబ్బీ మకోంబర్ 2004లో రాసిన నవలలో సియాటిల్‌లోని ఒక ఊలు దుకాణంలో అల్లిక తరగతి వల్ల నలుగురు ఆడవాళ్లు కలుస్తారు. 2007లో కేట్ జేకబ్స్ న్యూయార్కులోని అలాంటి దుకాణం చుట్టూనే కథ నడిపింది. చేతులు పనిలో ఉంటే నోరు దానంతటదే తెరుచుకుంటుంది. ఎదుటివాళ్ల కళ్లలోకి చూడక్కర్లేదు కాబట్టి చెప్పలేని మాటలు కూడా వచ్చేస్తాయి. ఇది మన అరుగుల మీద కూర్చున్నవాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు.

మన వారపత్రికల సీరియళ్లలోనూ హీరోయిన్ చేతిలో ఊలు ఉండ కనపడేది. మన ఊరి ఉక్కలో ఆ స్వెట్టరు హీరో ఎలా తొడుక్కుంటాడా అని మా అమ్మ ఆశ్చర్యపోయేది! అలాంటి అలంకారపు అల్లిక మనకు వద్దు. సూది తీసేస్తే కథ కూలిపోవాలి.

రాసేవాళ్లకు ఒకటి రెండు దారాలు అందిస్తాను. ప్రియుడికి స్వెట్టరు అల్లడం మొదలుపెడితే అది పూర్తయ్యేలోపే అతను వెళ్లిపోతాడని పాశ్చాత్య దేశాల్లో అల్లికలు చేసేవాళ్లలో ఒక నమ్మకం ఉంది. దాన్ని నమ్మే అమ్మాయి ఒకతె, నమ్మకుండా అల్లే అమ్మాయి ఒకతె ఉంటే అక్కడే ఒక కథ ఉంది. 1962 చైనా యుద్ధంలో మన దేశంలో ఎందరో ఆడవాళ్లు సైనికుల కోసం స్వెట్టర్లు అల్లారు. మొహం తెలియని మనిషి భుజాల కొలత ఊహించుకుంటూ అల్లిన అమ్మాయి ఏమనుకుని ఉంటుంది?

ఇంకో సంగతి. స్వెట్టరు అల్లేది రెండు సూదులతో. వరసలోని లూపులన్నీ సూది మీదే ఉంటాయి. సూది జారితే అన్నీ ఒకేసారి ప్రమాదంలో పడతాయి. లేసు అల్లేది ఒక్క కొక్కెం సూదితో. ఎప్పుడూ ఒక్క లూపే విడిగా ఉంటుంది. చేయి ఆపి, వంటచేసి వచ్చి, మళ్లీ అక్కడే అందుకోవచ్చు. మన ఆడవాళ్ల చేతికి లేసు ఎందుకు అంతగా అలవాటైందో అందులోనే తెలుస్తుంది. రాసేవాళ్లు ఈ రెండూ కలిపేసి నవ్వులపాలు కావద్దు. అచ్చుకు వెళ్లేముందు ప్రతి కథనూ అల్లిక తెలిసిన ఒక మనిషి చదువుతుంది.

ఆ మనిషి గురించే ఇప్పుడు చెప్పాలి.

తొమ్మిదో తరగతిలో నా పక్క బెంచీలో ఒకమ్మాయి కూర్చునేది. విరామంలో మేం తొక్కుడుబిళ్ల ఆడుతుంటే తను లేసు అల్లేది. ఆ డబ్బుతో అన్నయ్య కాలేజీ ఫీజు కట్టేవారు. సంవత్సరం చివర బడి మానేసింది. తనకూ ఒక ప్రేమ ఉంది. అది నాకొక్కదానికే చెప్పింది. ఇరవై ఏళ్ల తర్వాత నేను ఆ కథ రాసి ఒక వారపత్రికకు పంపాను. పేరు మార్చాను. ముగింపు విషాదంగా మార్చాను, అలా అయితే బాగుంటుందని. తనను అడగలేదు.

అచ్చయిన కథ తను చదివింది. మా ఇంటికొచ్చి ఒకే మాట అంది: "దారం నాది, ముడి నువ్వేశావే." తర్వాత పదకొండేళ్లు నాతో మాట్లాడలేదు. నాకు ఆ కథకు బహుమతి వచ్చింది. దాన్ని ఇప్పటికీ ఎవరికీ చూపించలేను.

ఈ సంకలనం మొదలుపెట్టేముందు నేను వెళ్లింది తన గుమ్మానికే. క్షమాపణ చెప్పాను. తను కాసేపు అల్లుకుంటూ కూర్చుంది. చివరికి, "ఈసారి నేను చెబుతాను, నువ్వు రాయి. ఒక్క ముక్క కూడా మార్చకు" అంది. ఆ కథ సంకలనంలో మొదటిది. రచయిత్రిగా తన పేరే ఉంటుంది. ముగింపు నేను రాసినదానికంటే ఎంతో బాగుంది. ఏమిటో ఇప్పుడు చెప్పను.

అందుకే రెండు నియమాలు పెడుతున్నాను. ఇంకొకరి బతుకులోంచి కథ తీసుకుంటే వాళ్లకు చదివి వినిపించి, సరేనన్నాకే పంపండి. రాయడం రానివాళ్లు చెబితే ఇంకొకరు రాయండి, పేరు మాత్రం చెప్పినవాళ్లది.

కమిటీకి ఒక విన్నపం. పదో తరగతి పూర్తిచేసినవాళ్లకే మన సంఘంలో సభ్యత్వం. ఆ లెక్కన నా స్నేహితురాలు పూర్వ విద్యార్థిని కాదు. మనం చదువుకున్న రోజుల్లో సూది పట్టుకుని మధ్యలో వెళ్లిపోయిన అమ్మాయిలు ఎంతమందో మీకందరికీ తెలుసు. ఈ పుస్తకంలో వాళ్లకు చోటిచ్చి సంఘంలో ఇవ్వకపోతే ఎలా? ఈ సమావేశం ముగిసేలోపు ఆ నియమం గురించి ఆలోచించమని వేడుకుంటున్నాను.

పది కథలు కావాలి. ఒకటి వచ్చింది. మిగతా తొమ్మిదీ ఈ హాల్లోనే ఉన్నాయని నా నమ్మకం. సంక్రాంతికల్లా పంపండి. మగవాళ్లూ రాయొచ్చు. అమ్మ అల్లుతుంటే దారం ఉండ పట్టుకుని కూర్చున్నవాళ్లు మీలో చాలామందే ఉన్నారు.

తను ఇవాళ వచ్చింది, వెనక వరసలో కూర్చుంది. చేతిలో పని ఉంది కాబట్టి చప్పట్లు కొట్టదు. మీరు తన కోసం కొట్టండి.